కార్జం

మాప్ కర్ర గోడకానించి రమ్మన్నారు.
ఆ అంతస్తులో తెలుగొచ్చిన మనిషి నేనొక్కదాన్నే,
రాయచోటి షంషాద్‌ను.
నాకొచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ:
ఉప్పు తక్కువైంది, ఇస్త్రీ అయింది, పాప పడుకుంది.
పదకొండేళ్ళు ఖద్దామాగా ఉండి నేర్చింది.
దాంట్లో ఒక చావును మోసుకుపోవాలంట
కువైట్ నుంచి కోరుట్ల పక్క పల్లెకు,
ఫోన్లోంచి.

మంచం మీద సుంకరి పోశాలు.
నీళ్ళ ట్యాంకరు డ్రైవరు.
జహ్రా రోడ్డులో బండి పక్కకాపి
స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు, అంతే.
ఎవరో వచ్చి ఆ తల ఎత్తే దాకా
హారన్ మోగుతూనే ఉందంట.

"మౌత్ దిమాగీ" అన్నాడు డాక్టరు.
రెండూ మా ఇంటి మాటలే, మౌత్, దిమాగ్.
కలిపి ఎప్పుడూ వినలేదు.
తెలుగులో ఏమనాలి?
బుర్ర చచ్చిందా అని మేస్త్రీ కూలోళ్ళను తిడతాడు,
ఆ మాట ఎట్లా వాడేది?

"అక్కా, మనిషి పోయినాడు.
మిషను ఊపిరి పోస్తాంటే గుండె మాత్రం ఆడతాంది" అంటిని.

అవతల నర్సుబాయి.
బీడీ ఆకు కత్తిరించే చప్పుడు అప్పటిదాకా వినపడతాండె.
ఆగింది.

"ఒళ్ళు వెచ్చగున్నదా?"
పాదం పట్టుకొని చూస్తిని. ఎవరూ పట్టుకోమనలేదు.
"వెచ్చగానే ఉంది."
"మరెట్ల సచ్చినట్టు?"

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకునె.
ఆయనా ఈ దేశపోడు కాదు, నైలు ఒడ్డు మనిషి.
బడిపిల్లకు చెప్పినట్టు మళ్ళీ చెప్పె.
నేను మళ్ళీ చెప్తిని. నాలుగుసార్లు.
నాలుగోసారి ఆమె "ఊఁ" అనింది.

అప్పుడు దానం మాట.
డాక్టరన్న మాటకు తీయడం అనొచ్చు, తీసుకోవడం అనొచ్చు.
"తీసుకుంటారంట" అంటిని.
"కోస్తరా?"
"కోస్తారక్కా."

"ఇయ్యనంటే పీనుగను పంపరా?"

దీనికి నోరు రాలేదు నాకు.
నేనైనా అదే అడిగుండేదాన్ని.
పాస్‌పోర్టు ఎవరి బీరువాలోనో ఉన్నోళ్ళను
ఇస్తావా అని అడిగితే
అది అడగడమో, చెప్పడమో, ఎట్లా తెలిసేది?
ఎట్లనో అడిగితిని.
కాదంటే కాదు, రెంటికీ లంకె లేదు, ఎట్లైనా వస్తాడు,
అని డాక్టరు ఒట్టు పెట్టె.
ఆ ఒట్టు నేనూ పెడ్తిని,
నా బిడ్డల మీద కాదు, నా మీదనే.

"ఎవలికి పెడ్తరు?"
"చెప్పరక్కా. రూలు."
"ఆ ఖఫీల్‌గానికి పోదు గద?
మూడు నెల్ల జీతం తిన్నడు. ఇంక ఇది గూడనా?"

నవ్వొచ్చింది.
పోశాలు ముందర నవ్వితిని. తోబా.

చాలాసేపు ఏమీ లేదు.
ఆ పక్క ఒక కోడి అరిచింది.
తర్వాత, సన్నగా:
"మేం దానం జేసేటోళ్ళమా సెల్లె,
అప్పుల కోసం తిరిగేటోళ్ళం.
గని యాటను కోస్తె కార్జం మా ఇంట్లకెల్లి బయటికి పోదు.
అది ఎవల కంచంల పడితె వాళ్ళు ఇంటోళ్ళే.
ఈయన కార్జం ఎవలికి పెడ్తరో
ఆ మనిషి ఇగ మావోడే అని చెప్పున్రి.
పేరు చెప్పకున్రి. మావోడని చెప్పున్రి."

డాక్టరు నా మొహమే చూస్తాండాడు.
కార్జాన్ని అరబ్బీలో ఏమంటారో తెలుసు.
కిబ్దా. వారం వారం వేయించిన దాన్నే.
మిగతా మాటలకే ఏ వంటింట్లోనూ పని పడలేదు.

"అయివా" అంటిని. "ఒప్పుకుంది."

కాగితం మీద తర్జుమా చేసినవారు అన్న చోట
ఉర్దూలో నా పేరు గీసి
మళ్ళీ మాప్ పట్టుకొంటిని.

రాత్రి రెండు దాటినాక
ఇద్దరు పిల్లోళ్ళు ఒక ఐసు డబ్బా పట్టుకొని
నేను తుడుస్తున్న వరండాలోనే ఉరుకుతా వచ్చిరి.
నేల తడి.
"మెల్లగా నాయనా, జారుతుంది, మెల్లగా!"
అని గట్టిగా అరిస్తిని,
తెలుగులో.