పదిహేడు గీతలు

చియాతురాలో తీగబండి ఒకసారి గనిదాకా పైకి వెళ్తే
త్సియాలా రిజిస్టరులో ఒక నిలువు గీత గీసేది.
గడియ, గంట, గీత.
ఇరవై ఆరేళ్లు అదే ఉద్యోగం.

ఆ ఫిబ్రవరిలో మంచు తీగల్ని పట్టేసింది.
మధ్యాహ్నానికే బండి ఆపేశారు.
పేజీలో ఒకే వరుస, పదిహేడు గీతలు.
మొదటిసారి ఆమె వాటిని
ఒకట్లుగా చదివింది.

11111111111111111

"ఇంత పెద్దది పగలకుండా ఉంటుందా?" అంది నాతో.
నేను కప్పీలకు గ్రీజు పూసేవాణ్ణి,
పన్నెండో ఎక్కం దగ్గర బడి మానేసినవాణ్ణి.
ఆమె మాత్రం గనివాళ్ల బడిలో రెండేళ్లు లెక్కలు చెప్పింది.
ప్రతి సంఖ్య తలుపూ తట్టక్కర్లేదట,
దీన్ని విరగ్గొట్టగల ప్రధాన సంఖ్య ఏదైనా
ముప్పై నాలుగేసి అడుగులు వేసి
చివర ఒకటి కలుపుకునే వస్తుందట.
నూట మూడు. నూట ముప్పై ఏడు. రెండు వందల ముప్పై తొమ్మిది.
టికెట్ల వెనక, మొండి పెన్సిలుతో,
ఎక్కేవాళ్లు ఎక్కుతూ ఉంటే
రోజుకు మూడు భాగహారాలు.

నిప్పులో శేషం ఉంచకూడదు, అప్పులో ఉంచకూడదు.
ఆమెకు ప్రతిరోజూ శేషమే.

"దొరికితే జీతం పెంచుతారా?"
బ్రేకు దగ్గర్నుంచి అంజోర్ నవ్వేవాడు.
గుప్పెడు వాల్‌నట్లు పెట్టి అతని నోరు మూయించేది.

తొమ్మిదో ఏడు,
అరవై వేల తొమ్మిది వందల ముప్పై మూడో అడుగున,
20,71,723 దగ్గర
కింద ఏమీ మిగల్లేదు.
మళ్లీ చేసింది. మిగల్లేదు.
అవతలి ముక్క 536,32,22,357.
ఏడుస్తుందనుకున్నాను.
లేచి గంట కొట్టింది.
ఖాళీ బండి పొగమంచులోకి పోయింది,
ఆ ఒక్క ప్రయాణానికి ఆమె గీత గీయలేదు.

లైను మూసేసిన రోజు పద్దెనిమిది గీతలతో ముగియాల్సింది.
పద్దెనిమిది ఒకట్లంటే మూడు చాలు, చిన్నపిల్లలు పగలగొడతారు.
అంజోర్ పైన టోపీ మరిచాడు.
దానికోసం ఇంకోసారి వెళ్లాడు.
పంతొమ్మిది.

రిజిస్టరు కోటు కింద దాచి ఇంటికి తీసుకుపోయింది.
ఈసారి అడుగుకు ముప్పై ఎనిమిది.
నాలుగు చలికాలాలు చేసింది, ఐదోది ఆమెకు రాలేదు.

కుతైసి లైబ్రరీలో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడికి
పంతొమ్మిది ఒకట్లు చెప్పాను, వేళ్లమీద లెక్కపెడుతూ.
టీ చల్లారేలోపే అన్నాడు:
"దీనికి ముక్కల్లేవండీ. ఇది ప్రధాన సంఖ్య."

ఆమె నోటుబుక్కు నా దగ్గరే ఉంది.
రాత్రుళ్లు ఒక్కో భాగహారం సరిచూస్తాను,
నాకు ఇప్పుడు వచ్చు.
ఇంతవరకు ఒక్క శేషమూ తప్పు లేదు.
అంజోర్‌ని టోపీ ఏదని అడిగితే
ఏ టోపీ అంటాడు.