రుచి రిజిస్టరు

బడిలో మొదటి ముద్ద నాదే.
పిల్లలకంటే అరగంట ముందు
తిని, కొంగుతో మూతి తుడుచుకుని
రిజిస్టర్లో సంతకం పెట్టాలి:
రుచి చూశాను. బాగుంది.
పదకొండేళ్లుగా బాగుంది.
ఉప్పెక్కువైన రోజున కూడా బాగుంది.

ఈ లంకలో నా వంటకి కూరలు
రెండు చేతుల మీదుగా వస్తాయి.

ఏడుకొండలు వంకాయలు
పెళ్లికొడుకు బూట్లలా మెరుస్తాయి.
మచ్చుకి ఒక్క బెజ్జం కనపడదు.
ఎకరంన్నర కౌలు, వీపున తైవాన్ పంపు,
మూతికి తడి తువ్వాలు,
గాలి ఎటు తిరిగితే
అటునుంచి మొహం తిప్పుకుంటాడు.

ముత్యాలు దొడ్లోవి
వంకరవి, గజ్జి పట్టినట్టు తొక్క.
కోస్తే రెండింట్లో ఒకదానిలో పురుగు
ఇల్లు కట్టుకుని కాపరం చేస్తుంటుంది.
"అది తింటోందంటే
మనమూ తినొచ్చనేగా వదినా" అంటుంది.
పేడ, పంచితం, బెల్లం, శనగపిండి
డ్రమ్ములో పోసి కర్రతో తిప్పుతుంటే
చంటిదానికి ఉగ్గు కలిపినంత మురిపెం ఆవిడకి.

హెడ్మాస్టరు గారు ఓనాడు
"ముత్యాలు కూరలే తెండి సూరాయమ్మగారూ,
మందుల తిండి మనకెందుకు" అన్నారు.
నాకూ నచ్చింది.
పురుగున్న మేర కత్తిపీట మీద చెక్కేసి
మిగతాది పులుసులో వేశాను.

శ్రావణంలో ఎర్రనీరు వచ్చింది.
గోదారి గట్టుదాకా ఉబ్బి
బోదె, మురుక్కోడు, పశువుల పాక, పెంటకుప్ప
అన్నిటిదీ ఒకే రంగైంది.
ఆ వారమే ముత్యాలు
పచ్చిపేడ వేసి పెంచిన కొత్తిమీర
రేవులో జాడించి తెచ్చింది.
ఆ వాసనకి ప్రాణం లేచొచ్చింది.
దించిన పప్పు మీద పచ్చిగా చల్లాను.
ముందు నేనే తిన్నాను.
బాగుంది.

రాత్రికి తొమ్మిది మంది పిల్లలు
తండ్రుల భుజాల మీద, పంటు మీద
అవతలొడ్డు ఆసుపత్రికి.
నాకేమీ కాలేదు.
దానికిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"మందు కాదమ్మా, పేడనీళ్లు" అంది నర్సమ్మ.
ముత్యాలు మెట్ల మీద కూలబడిపోయింది.
"చుక్క కొట్టలేదు వదినా, చుక్క మందు కొట్టలేదు" అని
ఎవరూ అడగని ప్రశ్నకి
తెల్లారేదాకా జవాబు చెప్పింది.

ఆ పై సోమవారం
సైకిలు మీద బెండకాయల గోనెతో
ఏడుకొండలు పోతుంటే ఆపాను.
గోనె మీద చెయ్యి వేశానో లేదో
"ఇయ్యి నీక్కాదక్కా.
నిన్న సాయంత్రమే కొట్టాను.
రేటుందన్నారు, ఆగలేకపోయాను.
బడికి వారం ఆగి కోస్తాను" అన్నాడు.
తాడు బిగించుకుని
రావులపాలెం వైపు తొక్కేశాడు.
అక్కడ అవి ఎవరి పిల్లలు తింటారో
అతనూ అనలేదు, నేనూ అడగలేదు.

నా నాలిక మీద నాకు నమ్మకం పోయింది.
ఉప్పు చెబుతుంది, పులుపు చెబుతుంది,
అడుగంటితే ముందే చెబుతుంది.
నిన్న సాయంత్రం సంగతి చెప్పదు.
రేవులో నీటి సంగతి చెప్పదు.

ఇప్పుడు ఇద్దరి దగ్గరా కొంటున్నాను.
ఏడుకొండల్ని అడుగుతాను, ఎప్పుడు కొట్టావని.
ముత్యాల్ని అడుగుతాను,
ఎరువు ఎన్నాళ్లు మాగిందని, ఏ నీళ్లతో కడిగావని.
ఇద్దరికీ నా మీద కోపమే.
బోరింగు దగ్గర మూడుసార్లు కడుగుతాను,
చేతులు నానిపోయి
నావి కానట్టు కనబడతాయి.
కొత్తిమీర పప్పుతోపాటే ఉడికించేస్తున్నాను.
"వాసనేదీ మామ్మా" అంటారు పిల్లలు.

రిజిస్టర్లో గడి చిన్నది.
నిన్న అందులో ఇరికించి రాశాను:
బోరు నీళ్లు. కొట్టి ఎనిమిది రోజులు.
బాగుందనుకుంటున్నాను.

హెడ్మాస్టరు గారు కళ్లజోడు సర్దుకుని
ఎర్రసిరాతో
"అనుకుంటున్నాను" ఒక్కటీ కొట్టేశారు.

గంట కొట్టారు.
కంచాలు మోగుతున్నాయి.