గురువారం పిలాటిస్

ట్రియెస్టేలో ఇవాళ బోరా గాలి.
కిటికీ అద్దాలు పళ్లు కొరుకుతున్నాయి.

నాలుగో అంతస్తులో, చాప మీద
ఏడో నెల నెరీనా
చేతులూ మోకాళ్లూ ఆనించి, బల్లలా.
"నడుం మీద కాఫీ కప్పుందనుకో,
ఒలకనివ్వకు" అంటుంది ఫుల్వియా.

ఊపిరి తీస్తే పక్కటెముకలు గొడుగులా విచ్చుకుంటాయి.
వదిలితే, పొట్ట అడుగున ఎవరో
మెల్లగా జిప్పు పైకి లాగినట్టు.
కుడికాలు వెనక్కి చాపింది.
లోపలి మనిషి ఒక్క తన్ను.
ఒలికిపోయింది, లేని కాఫీ.

ఉత్తరాల సంచి మోసి మోసి
ఓ పక్కకు ఒరిగిన భుజం
ఇన్నాళ్లకు రెండోదాని సరసకు వచ్చింది.

వీధి మలుపులో గాలి ఈడ్చి కొట్టింది.
మడమలు నేలకు అప్పగించి, వెన్ను నిలబెట్టి
పది అడుగులు వేసింది.
పదకొండోదానికి
గోడవెంట కట్టిన తాడు పట్టుకుంది.

తాడు అవతలి కొసన
టోపీ ఎగిరిపోయిన ముసలాయన
ఆమె పొట్టకు దారిచ్చి
గోడకు అతుక్కున్నాడు.