వచ్చిన పని

ఆఖరి గౌను ఇచ్చేసరికి ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం మూడు.
నెల రోజులుగా ఊళ్లో పిల్లల భుజాలన్నీ
నా టేపు కింద నుంచే పోయాయి.
షట్టరు దించాను.
పండగ వాళ్లది, తీరిక మాది.
క్రిస్మస్ శుక్రవారం పడింది,
శని ఆదివారాలు దాని కొంగు పట్టుకొచ్చాయి.

కనిగిరిలో ఎక్కాం. పామూరు, కలిగిరి.
హుసేనమ్మ జడలో ఎర్ర శాటిన్ పీలిక ఒకటి
టిక్కెట్టు లేకుండా మాతోపాటు వస్తోంది.
చూశాను, చెప్పలేదు.
సంగం దాటాక చీకట్లో నారు వాసన.
తడి నేల అరుదైన ఊరోళ్లం,
ఇద్దరం ఒకే కిటికీకి ముక్కులు పెట్టాం.

నెల్లూరు. బస్టాండు వెనక లాడ్జి.
పేరు: దూదేకుల మస్తానయ్య, భార్య.
వయసు, ఊరు. తర్వాతి గడి: వచ్చిన పని.
పెన్ను ఆగింది.
"ఆసుపత్రా? కోర్టా? పెళ్లా?" అన్నాడు గుమస్తా.
ఈ ఊరు ఎప్పుడొచ్చినా
ఆ గడిలో ఏదో ఒకటి ఉండేది మాకు.
"ఊరికే" అన్నాను.
తలెత్తి ఒకసారి చూసి
ఊరికే అనే రాసుకున్నాడు.

ఆ రాత్రి నిద్రలో
నా కుడికాలు మిషను తొక్కుతోందట.
ఇనప మంచం కిర్రుమంటోందట.
తన పాదం తెచ్చి నా పాదం మీద పెట్టి
ఆపిందట.
పొద్దున టీ తాగుతూ చెప్పింది,
గ్లాసులోకి నవ్వుతూ.

ట్రంకు రోడ్డంతా కాగితం నక్షత్రాలు,
తెల్లారినా ఆర్పడం మరిచిపోయిన బల్బులతో.
చర్చి గేటు దగ్గర నిలబడ్డాం,
లోపలికి పోవాలో వద్దో తెలీక.
వాళ్లు పాటలో ఉన్నారు. నేను కుట్లలో ఉన్నాను:
ఆ చొక్కాకి కాలరు లేచింది,
ఈ జాకెట్టుకి చంకలో బిగువు,
ఆ నీలం గౌను కత్తిరించిన చెయ్యి ఎవరిదో గానీ
దండం పెట్టొచ్చు.
చెబుతూ చెబుతూ పక్కకి చూస్తే హుసేనమ్మ లేదు.
మెట్ల మీద ఒక పిల్ల, అంచు ఊడి
మడమ కింద పడుతున్న గౌను.
నల్లపూసల పిన్నీసు పక్కనే గుచ్చుకునే సూది తీసి,
మోకాళ్ల మీద కూర్చుని,
ఆరు కుట్లు వేసి, పంటితో దారం తెంపింది.
"యాడోళ్లమ్మా మీరు?" అంది పిల్ల తల్లి.
"కనిగిరి."
"ఎవరింటికొచ్చారు?"
ఏం చెప్పిందో వినపడలేదు, గంట మోగింది.
తిరిగొచ్చేటప్పుడు చేతిలో
కాగితంలో చుట్టిన కేకు ముక్క.

"పని మానుకోవడానికే గదా వచ్చింది" అన్నాను.
"ఇది పనా?" అంది.

సాయంత్రం మిఠాయి అంగట్లో
"రెండు కాజాలు" అంటే
ఆమెకు నవ్వాగలేదు.
చొక్కాకి ఏడు, జుబ్బాకి మూడు,
ఇరవై ఆరేళ్లుగా కాజాలు కుట్టీ కుట్టీ
చూపుడువేలి కొస రాయైపోయింది.
ఆ వేలితోనే మలై కాజా తుంచి
నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని,
"వీటికి గుండీతో పనిలేదు" అంది.
ఎనిమిది తిన్నాం. డబ్బులిచ్చేటప్పుడు లెక్క తెలిసింది.

శనివారం స్వర్ణాల చెరువుకు పోయాం.
రొట్టెల పండగ నాడు కాలు పెట్టను చోటుండదు.
ఇప్పుడు ఘాటు మీద ఇద్దరు పిల్లోళ్లు, ఒక కుక్క, గాలి.
మూడేళ్లు వరసగా ఈ నీళ్లలోనే నిలబడి
ఒకే రొట్టె అడిగి పట్టుకున్నాం.
ఏ రొట్టె అన్నది ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది.
సంచిలోంచి నిన్నటి కేకు ముక్క తీసి
విరిచి, పెద్ద సగం నాకిచ్చింది.

ఆదివారం గది ఖాళీ చేస్తుంటే
గుమస్తా అదే పుస్తకం తిరగేసి
"వచ్చిన పని అయిందా?" అన్నాడు,
ఎగతాళో, మర్యాదో.
"ఎక్కడయింది, సగమే" అంది హుసేనమ్మ.

ఆ మిగతా సగం ఏందో
బస్సులో అడుగుదామనుకున్నాను.
పామూరు దాకా
నా భుజం మీద నిద్రపోయింది.