లోపం కనబడలేదు

గంగపట్నం దారిలో, కాలవ మలుపు దగ్గర,
బండి బ్యాటరీ నుంచి ఇంజనుకు మారేటప్పుడు
ఒక చప్పుడు.
టక్ అని కాదు. గరగర కాదు.
చీకట్లో ఎవరో గొళ్ళెం వేయబోయి
మానుకున్నట్టు.

ఆ వెంటనే స్టీరింగు వెనక
పసుప్పచ్చ త్రికోణం ఒకటి వెలుగుతుంది,
లోపల ఆశ్చర్యార్థకం.
దానికేం ఆశ్చర్యమో చెప్పదు.
మూడు కిలోమీటర్లు నాతో వచ్చి
మైపాడు రోడ్డెక్కగానే తనే ఆరిపోతుంది.

మినీ బైపాస్ సర్వీసు సెంటర్లో
నాలుగుసార్లు నిలబడ్డాను.
అద్దాల గది, పేపరు కప్పులో తీపెక్కువైన కాఫీ.
హరనాథ్ అని, మెడలో టై, చేతిలో టాబ్లెట్:
"కంప్యూటరు పెట్టి చూశాం మేడమ్, కోడ్ రాలేదు.
ఇరవై కిలోమీటర్లు నడిపాం, చప్పుడు రాలేదు."
లోపం కనబడలేదు, గమనిస్తూ ఉండండి
అని రాసిచ్చాడు.
బిల్లులోకి మాత్రం ఫిల్టరు వచ్చింది, వాషింగు వచ్చింది,
రెండు వేల ఎనిమిది వందలు వచ్చాయి.

పొదలకూరు రోడ్డులో ఖాదర్ బాషా
పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకానించి
పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.
ముప్పై ఏళ్ళు లారీల గుండెలు విన్న చెవి.
"చప్పుడుండాది," అన్నాడు.
నాకు ఏడుపొచ్చినంత పనైంది.
"ఉండాది గానీ, ఆ నారింజరంగు తీగలు సూసినావా మా,
వాటి జోలికి నేను బోను.
రెండు మనసుల బండి ఇది.
ఒకదాని మాట నాకు తెలుసు,
రెండోది ఏ బళ్ళో సదివిందో."
చేతులు తుడుచుకున్నాడు. డబ్బులు తీసుకోలేదు.

నా పనేందో ఇక్కడ చెప్పాలి.
ఇందుకూరుపేటలో మందుల షాపు పైన
నీళ్ళూ రొయ్యలూ పరీక్ష చేసే ల్యాబు నాది.
ఉప్పెంత, అమ్మోనియా ఎంత,
తెల్లమచ్చ ఉందా లేదా.
గట్ల మీద రాత్రిళ్ళు తిరగాలనీ
పెట్రోలు మిగులుతుందనీ
అప్పుచేసి కొన్నాను ఈ బండిని.

పోయిన ఆషాఢంలో పెంచల నరసయ్య
ఐసు డబ్బాలో పన్నెండు రొయ్యలు తెచ్చాడు.
ఉన్న పరీక్షలన్నీ చేశాను, రెండేసి సార్లు.
ఏమీ దొరకలేదు.
తెల్లకాగితం మీద శుభ్రంగా టైపు చేశాను:
వ్యాధి కారకం కనబడలేదు. గమనిస్తూ ఉండండి.

చదివించుకుని, నాలుగు మడతలు పెట్టి
జేబులో వేసుకుని, మెట్ల దగ్గర ఆగాడు.
"నీ మిషనుకు కనపడకపోతే
నా గుంటలో సావు లేనట్టేనా మా?"

నమూనా సరిగ్గా పట్టలేదేమో అన్నాను.
పట్టే పద్ధతి చెప్పాను.
హరనాథ్ కూడా నాకు
బ్రేకు తొక్కే పద్ధతి చెప్పాడు.

ఐదోసారి సర్వీసుకు పోలేదు.
బండి అరలో ఒక నోటుపుస్తకం పెట్టాను.
తేదీ, ఎండా వానా, ఎంత వేగం,
బ్యాటరీలో ఎన్ని గీతలు,
వెనక సీట్లో ఉప్పునీళ్ళ సీసాలెన్ని.
అదే పుస్తకం తిరగేసి, చివరి పేజీ నుంచి
నరసయ్య గుంట రాస్తున్నాను:
రాత్రి రెండింటికి నీళ్ళలో గాలెంత,
చెక్ ట్రేలో మేత ఎంత మిగిలింది,
ఏ మూల ఏరేటరు ఆగి తిరుగుతోంది.
రెండు లెక్కలూ నడిమి పేజీ వైపు నడుస్తున్నాయి.
అక్కడ కలుస్తాయనేం లేదు.

నిన్న రాత్రి ఒకటిన్నరకు ఫోను.
"తేలతన్నయి మా. రాగలవా?"
మేల్కొందో లేదో తెలియనంత మెల్లగా
కదిలింది బండి.
కాలవ మలుపు దగ్గర రేడియో కట్టేశాను,
అద్దం దించాను.
ఉప్పుగాలి, కప్పలు.
చప్పుడు రాలేదు.
త్రికోణం మాత్రం వెలిగింది.

గట్టు మీద టార్చి పట్టుకుని నరసయ్య.
"బండి బాగయినట్టుందే, చప్పుడు లేదు?"
"వినపడలేదు," అన్నాను, "ఉంది."

ఆయనేమీ అనలేదు.
టార్చి నీళ్ళ మీదికి తిప్పి
నాకు దారి ఇచ్చాడు.