నాలుగో నంబరు గుడారం

కావలి ట్రంకురోడ్డులో నాది ఫోటో స్టూడియో.
పాస్‌పోర్టు సైజులు, ఓణీల ఫంక్షన్లు,
పోయినోళ్ళకి కోటు తొడిగి ఫ్రేము కట్టడం,
ఇవీ నాకొచ్చిన విద్యలు.
గుడారాలకి ఫోటోలు తియ్యమని
ఇంతకుముందు ఎవురూ అడగలా.

తుమ్మలపెంటలో, సరుగుడు తోపు వెనక,
రెండెకరాల రొయ్యలగుంట పూడ్చి
ఆరు గుడారాలేశాడు ఆవుల తిరుపాలు.
తెల్లమచ్చ తెగులు మిగిల్చిన అప్పు మీద
ఇంకో అప్పు.
"బెంగుళూరోళ్ళు ఇంటిని బండిలోనే పెట్టుకొని తిరగతన్నారంటబ్బయా.
ఆగేదానికి నీడా, నీళ్ళూ, కరెంటు ప్లగ్గూ
మా కాడ ఉన్నాయని బొమ్మలో కనపడాల."

మిట్టమధ్యాహ్నం పోయా. ఇసక సున్నంలా ఉంది.
కెమెరా సంచిలోంచి తియ్యలేదు.
"ఇంత వెలుతురుంటే తియ్యవేందయ్యా?"
పన్నెండుగంటల ముహూర్తాల పెళ్ళికూతుళ్ళు
కళ్ళకింద మసి పూసుకున్నట్టు పడతారు,
అది ఆయనకేం చెప్పను.
పొద్దు వాలనీ అన్నా.

ఈలోపల సర్దుళ్ళు.
తాళ్ళ మీద తువ్వాళ్ళు తీయించా, ఖాళీ సీసాలేరించా.
నీలం బకెట్టు దాచిపెట్టి, మళ్ళీ తెచ్చి
స్నానాలగది ఫోటోలో కుళాయి కింద పెట్టా.
ఆడోళ్ళు ముందు వెతికేది దాన్ని, సముద్రాన్ని కాదు,
మా చెల్లెలు చెప్పింది.
అందుకే తలుపు గడియనీ దగ్గరికి పోయి తీశా,
కొత్త గడియ, లోపలి వైపుది.
ఉప్పుగాలి ఊరికే లెన్సు మీద ఊదిపోతుంటే
చొక్కా అంచుతో తుడుచుకుంటా.

పక్కనే పామంజి కావమ్మ చేపలెండబోసుకుంది.
తాటాకు చాపల నిండా నెత్తళ్ళు, చిల్లర పోసినట్టు.
"అయ్యి పడకుండా తియ్," తిరుపాలు నా చెవిలో.
కావమ్మ విన్నది.
"ఫోటోకి కంపుంటదా అన్నా?"
వంచిన నడుం ఎత్తకుండానే.
నేను ఎడమకి రెండడుగులు జరిగా.
చాపలు పోయినయ్. ఆమె చెయ్యొకటి
ఫ్రేము అంచున మిగిలింది. రాత్రి దాన్నీ కోసేశా.
ఆకాశంలో కాకులున్నాయి.
ఎందుకు తిరుగుతున్నాయో బొమ్మ చెప్పదులే అని వదిలేశా.

సరుగుడు సందుల్లోంచి పొద్దు దిగేసరికి
గుడారాల గుడ్డ బెల్లంపాకం రంగుకొచ్చింది.
లోపల బల్బు వెలిగించాం. కరెంటు పోయింది.
గుంట కాపలానాటి పెద్ద టార్చి తెచ్చాడాయన.
దానికి నా చేతిరుమాలు చుట్టి,
"నాలుగో నంబరులో పడుకో,
మనిషి నీడ పడితే బాగుంటది" అన్నా.
"నేనా?"
ఆరు గుడారాలేసిన మనిషి
ఒక్కదాంట్లోనూ నడుం వాల్చలా.
అద్దెకొచ్చినోడిలా
చెప్పులు బయట విడిచి, తల వంచి పోయాడు.

పదకొండు తీశా. చెయ్యి కాస్త ఎత్తమన్నా.
ఎత్తలా.
వంగి చూస్తే నిద్ర.
గుంట మీద ఫ్యాన్లు ఆగితే
ఉలిక్కిపడి లేచి పరిగెత్తిన మనిషి,
అంత అలల మోతలో, నోరు తెరుచుకొని,
రుమాలు వడగట్టిన వెలుగు దవడ మీద.
పన్నెండోది తీశా.
టార్చి ఆర్పి ఇసకలో కూచున్నా, లేపకుండా.

చూపిస్తే సిగ్గుపడ్డాడు.
"ఓనరే నిద్రపోతే గిరాకీ ఎవురొస్తారబ్బయా, తీసెయ్."
తీసేశానని చెప్పా.

నిన్న తొలి బండి దిగిందంట, కర్ణాటక నంబరుది.
గడియ రెండుసార్లు వేసి తీసి చూసుకొని
బయటికొచ్చి ముక్కు ఎగబీల్చి
ఏందీ వాసన అనడిగిందంట ఆమె.
కావమ్మ దోసెడు నెత్తళ్ళు పొట్లం కట్టిచ్చిందంట.
డబ్బు తీసుకొనే.