ఎర్రమట్టి లెక్క

ముప్పై రెండు బిస్కెట్లు.
ఓడ మీంచి గ్రీజు డబ్బాలో దిగాయి.
మేం నలుగురం, తలకి ఎనిమిది.
బడికెళ్ళని నాకు కూడా వచ్చిన లెక్క.

సూరాడ నూకయ్య పడవ తెచ్చాడు,
ఇంజను ఆపి, తెడ్లకి గోనెగుడ్డ చుట్టి.
యారాడ కొండ మీది లైటు మా మీంచి వెళ్ళి
తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళిపోయింది,
మామూలు అందిన పోలీసులా.
జీపు నాది కాదు. తోలింది మాత్రం నేనే.
వెనక సీట్లో డబ్బా మీద కాళ్ళు పెట్టుకుని
పేరులోనే పైడి ఉన్న పైడిరాజు,
అతని పక్కన నా తమ్ముడు ఎల్లాజీ,
మీసాలింకా సరిగా రాలేదు.

భీమిలి రోడ్డు వదిలి, సరుగుడు తోట దాటేసరికి
తెల్లారింది.
దిబ్బల్లోకి దిగితే సముద్రం వినబడదు.
లోపల మనిషి అరిచినా
బయటికి వినబడదు.
ఆ సంగతి పైడిరాజుకి ముందే తెలుసు.

డబ్బా మధ్యలో. మేం చుట్టూ.
ఎండ నెత్తిమీదికొచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు.
జీడికొమ్మ మీద తొండ ఒకటి
ఔనౌనని తలూపుతోంది.
నూకయ్య బీడీ వెలిగించుకోబోయాడు.
అగ్గిపుల్లకి అంత చప్పుడేటని
నేను అటు తిరిగాను.

ముగ్గురికైతే తలకి పది,
రెండు మిగులు.
ఆ మిగులే మమ్మల్ని తినేసింది.

ఎల్లాజీ డబ్బా ఎత్తుకుని గండిలోకి పరిగెత్తాడు,
వెనక పైడిరాజు.
రెండు చప్పుళ్ళు. కాసేపటికి ఇంకొకటి.
పొద్దు వాలేదాకా చూశాను.
గండి ఎవర్నీ తిరిగివ్వలేదు.
లోపలికి నాలుగడుగులు వేశాను,
అబద్ధం, రెండే.
తాళం నా జేబులో ఉంది.
జీపు స్టార్టయింది.

ఇప్పుడు అక్కడే మురీ మిక్చర్ అమ్ముతాను.
మొన్న సినిమావాళ్ళొచ్చారు.
టోపీ పెట్టుకున్న హీరో ఉత్తుత్తి తుపాకీ పేల్చాడు.
అంతమందిలో నేలమీద బోర్లా పడుకున్నవాణ్ణి
నేనొక్కణ్ణే.
అందరూ నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు.
"బాగుంది తాతా, మళ్ళీ పడు" అన్నాడు.
మూడుసార్లు పడ్డాను.
ఐదొందలిచ్చారు.

హుద్‌హుద్‌కి పాత గండ్లు పూడిపోయాయి,
కొత్తవి తెగాయి.
ఏ మలుపు ఎక్కడుండేదో నాకే తెలీదిప్పుడు.
వానాకాలం బేరం ఉండదు. అయినా వస్తాను.
ప్రతి వానకీ దిబ్బ ఇంత కరుగుతుంది,
ఎర్రనీళ్ళు సముద్రం దాకా పోతాయి.

పచ్చగా ఏది మెరిసినా మొహం తిప్పుకుంటాను.
తెల్లగా ఏదైనా తేలితే
మోకాళ్ళ నొప్పితోనే వంగి,
తువ్వాలుతో తుడిచి చూస్తాను.

ఇంతవరకూ అన్నీ మేకలవే.